మిగులు ఎండతో వేడినీళ్లు – 5వ పాఠం: సీటీ ఎక్కడ, ఎటువైపు?

ఈసారి టైమర్ గురించి చెప్తానని పోయిన పాఠం చివర రాశాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. 4వ పాఠంలో "సీటీని మీటరు దగ్గర ఫేజ్ వైరుకు తగిలించండి" అని ఒక్క వాక్యంతో వదిలేశాను. సీటీ అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, వైరు చుట్టూ క్లిప్పులా తగిలించి కరెంటును కొలిచే ముక్క. అది చాలలేదు. ధర్మవరం నుంచి ఒకాయన ఫోన్ చేసి, "అన్నా, నువ్వు చెప్పినట్లే బిగించినా. పగలంతా నీళ్లు చల్లగా ఉంటాయి, రాత్రయితే కాలిపోతాండాయి" అన్నాడు. జబ్బేమిటో ఆయన మాటలోనే ఉంది. సీటీ తిరగబడింది.

సీటీ చూసేది వైరులో పోయే కరెంటును. మిగిలిన సోలార్ కరెంటును గీజరుకు మళ్లించే డైవర్టర్ దాన్ని తన ప్లగ్గులోకి వచ్చే వోల్టేజి అలతో పోల్చుకుంటుంది. రెండూ ఒకే దిక్కున ఉంటే మనం లైను నుంచి వాడుకుంటున్నాం, ఎదురెదురుగా ఉంటే మన సోలార్ కరెంటు బయటికి పోతోంది. బయటికి పోతున్నంతసేపు గీజరుకు కొంచెం కొంచెం పెంచుతూ, ఆ పోయేది సున్నా అయ్యేచోట నిలబెడుతుంది.

ఇప్పుడు సీటీని తిప్పి పెట్టారనుకోండి. రాత్రి ఫ్రిజ్ 150 వాట్లు లాగుతోంది. డైవర్టర్‌కు అది 150 వాట్ల మిగులుగా కనిపిస్తుంది, అంతా గీజరుకు ఇస్తుంది. దాంతో ఇంట్లోకి వచ్చేది 300 అవుతుంది. అదీ మిగులే అనుకొని ఇంకా పెంచుతుంది. అలా గీజరు పూర్తి 2000 వాట్లకు చేరేదాకా ఆగదు. పగలు నిజంగా మిగిలినప్పుడేమో కొనుక్కుంటున్నామనుకొని గీజరును ఆపేస్తుంది.

సీటీ మీద బాణం గుర్తు ఉంటుంది కదా అంటారు. ఆ బాణాన్ని నమ్మి కూర్చోవద్దు. కొన్నింటిలో అది ఇంటివైపు ఉండాలి, కొన్నింటిలో లైనువైపు. నేను బాణం చూడను, ఇస్త్రీ పెట్టెతో పరీక్షిస్తాను. రాత్రిదాకా ఆగాల్సిన పనీ లేదు. ఇన్వర్టర్ నుంచి వచ్చే ఏసీ ఎంసీబీని, గీజరు స్విచ్‌ను దించేయండి. ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపి, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే పెట్టండి. డైవర్టర్ తెర మీద లైను నుంచి సుమారు 1000 వస్తున్నట్టు కనిపించాలి. బయటికి పోతున్నట్టు చూపిస్తే మెయిన్ ఆపి సీటీని తిప్పి తగిలించండి.

చూపించే దిక్కు ఒక్కటే చూసి సంతోషపడొద్దు, అంకె కూడా చూడండి. నాకు కోపం తెప్పించే తప్పు ఇక్కడే ఉంది. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న కొన్ని ఇళ్లలో సీటీ ఎర్ర ఫేజుకు, డైవర్టర్, గీజరు పసుపు ఫేజు ప్లగ్గుకు ఉంటాయి. రెండు ఫేజుల మధ్య 120 డిగ్రీల తేడా. లెక్క వేస్తే ఎర్ర ఫేజులో 1000 వాట్లు వాడుతుంటే, తెర మీద 500 బయటికి పోతున్నట్టు పడుతుంది. సీటీ తిరగబడిందనుకొని దాన్ని తిప్పుతారు. ఇప్పుడు 500 లోపలికి వస్తున్నట్టు చూపిస్తుంది. దిక్కు సరిగా ఉంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. అవలేదు! గీజరు పసుపు ఫేజు మీద ఉంది, సీటీ చూసేది ఎర్ర ఫేజును. గీజరు ఎంత లాగినా సీటీకి తెలియదు. ఎర్ర ఫేజులో కాస్త మిగులు కనిపిస్తే చాలు, అది తగ్గడం లేదని గీజరుకు పెంచుతూనే పోతుంది. సీటీ, డైవర్టర్, గీజరు, సోలార్ నాలుగూ ఒకే ఫేజు మీద ఉండాలి. ఇస్త్రీ పెట్టెను కూడా సీటీ ఉన్న ఫేజు ప్లగ్గులోనే పెట్టి చూడాలి. 1000కి 500 కనిపించిందంటే సీటీని ముట్టుకోకుండా ముందు ఫేజు వెతకండి.

అనంతపురంలో మా ఇంట్లో మొదటి చలికాలం ఇదే జరిగింది. నెల బిల్లు చూసేదాకా నాకు తెలియలేదు. అందుకే ఇంత చెప్తున్నాను.

ఇస్త్రీ పెట్టె పెట్టినా తెర సున్నా చూపిస్తుంటే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి సీటీలో పెట్టి ఉండొచ్చు. ఒకదాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. ఫేజ్ ఒక్కటే ఉండాలి. మిక్సీ వేసినా గీజరుకు పోయేది తగ్గకపోతే సీటీ ఇన్వర్టర్ వైరుకు ఉంది. దాని చోటు మీటరు తరువాత, సోలార్ వచ్చి కలిసే చోటుకు ముందు. మీటరు సీలు మాత్రం తాకొద్దు. మెయిన్ ఆపినా దానికి పైనుండే వైర్లలో కరెంటు ఉంటుంది, ఇన్సులేషన్ దెబ్బతిన్న వైరయితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

సీటీ బాగున్నా గీజరు ఆగకపోతే, క్లిప్పు తెరిచి సీటీని వైరు మీదినుంచి పూర్తిగా తీసేయండి. వైరు మీద ఉండగా దాని పిన్ను మాత్రం పీకొద్దు. కొన్ని రకాల సీటీల్లో అలా పీకితే ప్రమాదకరమైన వోల్టేజి వస్తుంది. తీసేశాక కూడా గీజరు పూర్తిగా లాగుతుంటే డైవర్టర్ లోపల గీజరుకు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్, అంటే ట్రయాక్, షార్ట్ అయింది. ట్రయాక్ పోతే ఎక్కువగా అలాగే పోతుంది.

అసలు కాగకపోతే మెయిన్ ఆపి, కాయిల్ వైర్లు విడదీసి, ఓమ్స్ చూడండి. 2000 వాట్ల కాయిల్ 26 దరిదాపుల్లో చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ పోయింది. మన బోరు నీళ్ల సున్నం పేరుకుంటే కాయిల్ ఎక్కువ కాలం నిలవదు, నేను ఏటా దసరా సెలవుల్లో విప్పి గీకుతాను. కాయిల్ బాగుంటే థర్మోస్టాట్, దాని పక్కనుండే, మరీ వేడెక్కితే కరెంటు ఆపే రక్షణ కటౌట్ చూడండి. కటౌట్ పడితే బొత్తాం నొక్కాలి. పదేపదే పడుతుంటే నొక్కుతూ ఉండకండి, థర్మోస్టాట్ మార్చండి. డిజిటల్ తెర ఉన్న గీజర్లకు డైవర్టర్ పెట్టవద్దని 2వ పాఠంలోనే చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తాను.

వైరును పట్టుకొని ఆంప్స్ కొలిచే టాంగ్ టెస్టర్ కొనేవాళ్లు ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్నదే కొనండి. డైవర్టర్ అలను ముక్కలు చేసి పంపుతుంది, చౌక టెస్టర్ దాన్ని తప్పు చూపిస్తుంది.

అభ్యాసానికి ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. మబ్బులు వచ్చిపోయే రోజయితే ఇంకా మంచిది. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా ప్రతి అరగంటకూ నాలుగు అంకెలు రాయండి: డైవర్టర్ తెర, గీజరు వైరు మీద ఆంప్స్, మీటరులో ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగడానికి సుమారు 1 యూనిట్ పడుతుంది, మీ లెక్క దానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. డైవర్టర్ గీజరుకు ఇస్తుండగా ఇంపోర్టు అంకె పెరిగిన అరగంటలు ఉంటే వాటి చుట్టూ గీత గీసి ఉంచుకోండి. 6వ పాఠంలో టైమర్‌ను ఆ గంటలకే అమరుస్తాం.