విశాఖ నుంచి భీమిలి దాకా: చాలా ఏళ్ల తరువాత మళ్లీ సైకిల్ ఎక్కడం ఎలా?

గంటకింత అని అద్దెకు తెచ్చుకున్న పెద్ద సైకిల్‌పై, సీటు అందక బారు కిందుగా కాలు దూర్చి, కత్తెర తొక్కుడుతో నేర్చుకున్న తరంలో చాలామంది మోటారు సైకిల్ కొన్న నాటి నుంచి మళ్లీ పెడల్‌పై కాలు పెట్టలేదు. అలాంటివారు ఎన్నో ఏళ్లకు తిరిగి మొదలుపెట్టినప్పుడు తొలి ఆదివారమే దూరాన్నీ వేగాన్నీ ఫోనులో చూసుకుంటూ ఒళ్లు హూనమయ్యేదాకా తొక్కి, మోకాళ్ల నొప్పితో ఇల్లు చేరి, ఇది ఈ వయసులో చేసే పని కాదని సైకిల్‌ను మెట్ల కిందికి నెట్టేస్తారు. ఒంట్లో సత్తువ ఇంకా మిగిలి ఉండగానే గమ్యం చేరినప్పుడే సైకిల్ సంతోషాన్నిస్తుందని నా గట్టి నమ్మకం. ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ ఆ సత్తువను మిగుల్చుకోవడానికే.

ఇందుకు విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి భీమిలికి సముద్రం వెంట సాగే రోడ్డును ఉదాహరణగా తీసుకుందాం. కుడిచేతివైపు సముద్రం, ఎడమచేతివైపు కొండలు. ఒకవైపు దూరం పాతిక కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది. 2026లో జనవరి 26 సోమవారం కావడంతో శని, ఆది, సోమవారాలు కలిసి వచ్చినట్లు, మూడు రోజుల సెలవు దొరికినప్పుడు నడిమి రోజును ప్రయాణానికి కేటాయించుకోవాలి. ముందు రోజు సైకిల్‌ను సిద్ధం చేయడానికి, తరువాతి రోజు శరీరం తేరుకోవడానికి కావాలి.

రెండు వారాల ముందు నుంచి

గుండె జబ్బు, అధిక రక్తపోటు, మోకాళ్ల అరుగుదల వంటివి ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి అడగాలి. మిగిలినవారు సెలవుకు కనీసం రెండు వారాల ముందు నుంచి, రోజు విడిచి రోజు, అరగంట చొప్పున తొక్కాలి. కాళ్ల బలం కంటే కూర్చునే చోట ఎముకలకు సీటు అలవాటు కావడం ఈ దశలో ముఖ్యం. ఆ నొప్పికి భయపడి మెత్తని వెడల్పాటి సీటు కొనేవారు ఉన్నారు, కానీ దూర ప్రయాణంలో అది తొడలను ఒరుసుకొని మరింత బాధిస్తుంది. మామూలు సీటుతోనే సాగిస్తే నాలుగైదు సార్లు తొక్కేసరికి చాలామందికి ఆ నొప్పి తగ్గుతుంది.

సీటు ఎత్తును సరిచేసుకోవడం ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే విలువైన పని. గోడకు ఆనుకొని సైకిల్ ఎక్కి, పెడల్‌ను పూర్తిగా కిందికి దించి దానిపై మడమ ఆనించినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతుంటే మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. మన వీధుల్లో చాలామంది రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటును దించుకుంటారు. అది భద్రంగా అనిపించినా, ప్రతి తొక్కుకీ మోకాలు బాగా ముడుచుకోవడం వల్ల చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సీటు తగ్గిపోయిందేమో, వెనుక భాగం లాగితే ఎక్కువైందేమో చూసుకొని, ఒక్కసారికి అర సెంటీమీటరు చొప్పున మార్చుకోవాలి.

శనివారం: సైకిల్ పని

చాలాకాలం కదలకుండా ఉన్న సైకిల్‌లో ముందుగా పాడయ్యేది రబ్బరు. టైరు పక్క గోడలపై సన్నని పగుళ్లు కనిపిస్తే, గాలి నిలుస్తున్నా సరే, మార్చివేయాలి. పాత తరహా ట్యూబుల్లో గాలి ఎక్కించే చోట ఉండే చిన్న రబ్బరు గొట్టం కూడా ఎండిపోయి ఉంటుంది. దానిని మార్చకుండా బయలుదేరి, భీమిలి దారిలోని మంగమారిపేట దగ్గర గాలి దిగిపోయిన సైకిల్‌ను చాలా దూరం నడిపించుకొని వచ్చిన అనుభవం నాకు ఉంది. ఎంత గాలి నింపాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, వేలితో నొక్కి అంచనా వేయడం కంటే గేజీ ఉన్న పంపు వాడటం మేలు. బ్రేకు రబ్బర్లు గట్టిపడి నున్నగా మారి ఉంటే కొత్తవి వేయించాలి. చైనును పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క లింకుకూ ఒక్కొక్క చుక్క సైకిల్ నూనె వేసి, పెడల్‌ను కాసేపు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనెను తుడిచివేయాలి. కొబ్బరినూనె వాడకూడదు, చలి ఉదయాల్లో అది గడ్డకట్టి దుమ్మును పట్టుకుంటుంది.

సంచిలో ఒక ట్యూబు, చేతి పంపు, పంచర్ సామాను, రెండు సీసాల నీళ్లు, అరటిపళ్లు, వేరుశనగ చిక్కీ, కొంత నగదు ఉంటే చాలు. హెల్మెట్, ముందూ వెనుకా లైట్లు తప్పనిసరి.

ఆదివారం: దారి

జనవరి చివర విశాఖలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. లైట్లు వేసుకొని ఆరు గంటలకే బయలుదేరితే నడకకు వచ్చినవారి సందడి దాటి తెన్నేటి పార్కు చేరేసరికి సముద్రం మీద వెలుగు పరచుకుంటుంది. కైలాసగిరి పాదం చుట్టూ సాగే ఈ భాగంలో ఎత్తుపల్లాలు మొదలవుతాయి. గేర్లు ఉంటే ఎక్కుడు మొదలయ్యే ముందే తేలిక గేరులోకి మార్చాలి, లేకపోతే దిగి నడిపించాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. దిగుడులో రెండు బ్రేకులనూ కలిపి, మెల్లమెల్లగా నొక్కుతూ రావాలి. రోడ్డు అంచున ఇసుక చేరిన చోట బ్రేకు వేస్తే చక్రం జారుతుంది కనుక, ఇసుకకు ముందే వేగం తగ్గించి హ్యాండిల్ తిప్పకుండా దాటాలి.

పక్కన ఉన్నవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగినంత వేగంతోనే తొక్కాలి. ఆయాసంతో మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. బరువుగా, నెమ్మదిగా తొక్కడం కంటే తేలిక గేరులో చకచకా తొక్కడం మోకాళ్లకు సుఖం. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కల నీళ్లు, గంటకోసారి ఏదో ఒక తిండి తీసుకోవాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతుల మీద బరువు ఎక్కువగా పడుతోందని గుర్తించి, హ్యాండిల్‌పై చేతుల పట్టు మార్చుకోవాలి.

రుషికొండ దగ్గర ఆగి ఇడ్లీ తిని, అక్కడే నిజాయితీగా ఒక నిర్ణయం తీసుకోవాలి. అప్పటికి పది కిలోమీటర్లు దాటి వచ్చారు. కాళ్లు బరువెక్కి ఉంటే అక్కడి నుంచి వెనక్కి తిరగడం మంచిది, ఇరవై కిలోమీటర్లు దాటిన ప్రయాణం మొదటిసారికి తక్కువేమీ కాదు. ఓపిక ఉంటే ముందుకు సాగాలి. తొట్లకొండ బౌద్ధారామం ఉన్న కొండను ఎడమవైపు చూస్తూ మంగమారిపేట దాటి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర మళ్లీ ఆగాలి. వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చి కోసిన ఆ ఎర్రని గుట్టలను కారులో వెళ్లేవారు అద్దంలోంచి చూసి దాటిపోతారు, సైకిల్ మీద వచ్చినవారికి ఆ మట్టి రంగు రోడ్డు పక్కనే క్రమంగా ముదరడం కనిపిస్తుంది. భీమిలిలో, అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తని సముద్రంలో కలిసే చోట కనీసం అరగంట కూర్చోవాలి.

పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలీ, సెలవు రోజు వాహనాల రద్దీ రెండూ పెరుగుతాయి. తొమ్మిదిలోపే భీమిలి విడిచిపెట్టాలి. మార్చి దాటిన తరువాత ఈ తీరంలో నైరుతి గాలి బలపడుతుంది. వెళ్లేటప్పుడు వీపున తోస్తూ దూరం తెలియనివ్వదు, వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. వేసవిలో వెళ్లేవారు సగానికి మించిన శక్తిని తిరుగు ప్రయాణానికే ఉంచుకోవాలి.

సోమవారం

నొప్పులు ఉన్నా పూర్తిగా పడుకోకుండా, ఇంటి చుట్టుపక్కల పదిహేను నిమిషాలు మెల్లగా తొక్కితే కండరాలు సడలుతాయి. తరువాత సైకిల్‌ను మంచినీటితో తడిపిన గుడ్డతో తుడవాలి, ఎందుకంటే ఉప్పుగాలి తగిలిన చైనూ స్పోకులూ కొద్ది రోజుల్లోనే తుప్పు పడతాయి. ఆరిన తరువాత చైనుకు మళ్లీ నూనె పెట్టి, సైకిల్‌ను మెట్ల కింద కాకుండా గుమ్మం పక్కన, మంగళవారం ఉదయం పాల ప్యాకెట్ తేవడానికి చేతికి అందేలా నిలబెట్టండి.