మంచం పక్క చదువు – 4వ పాఠం: జ్వరం తగ్గిన రోజు

కిందటి పాఠంలో థర్మామీటరు పెట్టడం, మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఇంట్లో అందరి నాడీ చూసి నోటుబుక్కులో రాసుకోమన్నాను. రాయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి, ఈ పాఠంలో ఆ అలవాటే అక్కరకొస్తుంది. ఇవాళ్టి విషయం డెంగీ. దీని వైరస్‌ను చంపే మందంటూ ఇంతవరకు లేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఎంత కనిపెట్టి చూసుకుంటే రోగికి అంత మేలు.

విజయవాడ సింగ్ నగర్‌లో మా వెనక వీధి పిల్లాడి సంగతితో మొదలుపెడతాను. తొమ్మిదేళ్లవాడు, పాతిక కిలోలుంటాడు. సోమవారం రాత్రి జ్వరం అందుకుంది. ఒళ్లు కాలిపోవడం, కళ్ల వెనక నొప్పి, వాంతులు. బుధవారం రక్తపరీక్ష చేయిస్తే, డెంగీ వైరస్ ప్రోటీన్ కోసం చూసే ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది. చూపించిన చోట సిరప్ రాసి, జ్వరం తగ్గితే మళ్లీ రానక్కర్లేదని చెప్పారట. శుక్రవారం పొద్దున వాళ్లమ్మ నవ్వుకుంటూ వచ్చింది. "జ్వరం దిగిపోయిందండీ, సోమవారం నుంచి స్కూలుకి పంపించేస్తాను" అంది.

నేను వెళ్లి చూశాను. టీవీలో బొమ్మలు ఆడుతున్నాయి, వాడు చూడటం లేదు. నుదురు చల్లగా ఉంది. అరచేతులు మరీ చల్లగా, జిగటగా ఉన్నాయి. వేలి గోరు ఐదు సెకన్లు నొక్కి వదిలాను. తెల్లబడిన గోరు రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. నాలుగు లెక్కపెట్టేదాకా రాలేదు. "ఒంటికి ఎప్పుడెళ్లాడమ్మా?" అని అడిగాను. "రాత్రి పడుకోబోయేముందు" అంది. అప్పుడు టైము పదిన్నర. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడు రోజులుండి ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ పిల్లాడి ఒంట్లో జరిగింది అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే.

కొత్త మట్టికుండలో నీళ్లు పోస్తే బయటికి చెమరుస్తుంది కదా. డెంగీలో కొందరికి సన్నని రక్తనాళాలు అలాగే చెమరుస్తాయి. రక్తంలోని నీరు పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరిపోతుంది. నాళాల్లో మిగిలింది ఇగిరిన పులుసులా చిక్కబడుతుంది. అప్పుడు గుండె ఎంత కొట్టుకున్నా చేతులకు, కాళ్లకు, కిడ్నీలకు చాలినంత రక్తం అందదు. అందుకే చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. ఇదంతా ఎక్కువగా జ్వరం తగ్గే సమయంలోనే జరుగుతుంది. మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగుతుంది. దిగిన దగ్గర్నుంచి 24 నుంచి 48 గంటలు గండం. చాలామందికి ఏమీ కాకుండానే గడిచిపోతుంది. ఎవరికి గడుస్తుందో ఎవరికి గడవదో ముందే తెలియదు గనక అందరినీ కనిపెట్టి ఉండాల్సిందే.

కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది రోజులు లెక్కపెట్టడం. జ్వరం మొదలైన రోజే ఒకటో రోజు. సోమవారం రాత్రి వచ్చినా సోమవారం ఒకటే, శుక్రవారానికి ఐదు. ఈ అంకె నోటుబుక్కులో ప్రతి పేజీ పైనా వేయండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏ పరీక్ష చేయాలన్నదీ దీన్నిబట్టే ఉంటుంది. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పనికొస్తుంది, ఆ తర్వాత వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాల కోసం ఐజీఎం చూస్తారు.

ఇక నోటుబుక్కు. ఆ పిల్లాడు ఇంటికొచ్చాక వాళ్లమ్మకు రాయడం నేర్పాను. జ్వరం దిగిన రోజున పేజీ ఇలా ఉండాలని నేనే ఒకటి రాసిచ్చాను:

"శుక్రవారం, 5వ రోజు. పొద్దున 6 – జ్వరం 99.2, నాడి 96. కొబ్బరినీళ్లు 200. ఒంటికి వెళ్లాడు, లేత పసుపు. 8 – ఇడ్లీ ఒకటి, ఓఆర్‌ఎస్ 150. 9 – వాంతి ఒకసారి. 10 – జ్వరం 98.4, నాడి 98, చేతులు వెచ్చగా ఉన్నాయి. మజ్జిగ 150. 10.30 – ఒంటికి వెళ్లాడు."

ఇంతే. దీంట్లో గమనించండి, ఎక్కడా "బాగా తాగాడు" అని లేదు. "బాగా" అంటే తల్లికి ఒక లెక్క, నాయనమ్మకు ఇంకో లెక్క. మిల్లీలీటర్లలో రాస్తే సాయంత్రానికి కూడిక వేయొచ్చు. పాతిక కిలోల పిల్లలకు రోజుకి సుమారు 1600 మిల్లీలీటర్లు కావాలి, పెద్దవాళ్లకు రెండు, రెండున్నర లీటర్లు. వాంతులవుతుంటే ఇంకా కావాలి. గ్లాసుడు ఒకేసారి పట్టిస్తే వాంతి చేసుకుంటారు. ఐదు నిమిషాలకోసారి రెండు చెంచాలు తాగించండి. మంచినీళ్లొక్కటే చాలదు, ఒంటికి ఉప్పూ కావాలి. ఓఆర్‌ఎస్, ఉప్పేసిన మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు మార్చి మార్చి ఇవ్వండి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి అంచనాగా కలపడం తప్పు. గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఎంత తాగించాలో డాక్టరు చెప్పాలి.

ఇప్పుడు ప్లేట్‌లెట్స్. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలివి. మన విజయవాడ, గుంటూరుల్లో డెంగీ అనగానే ఇంటిల్లిపాదికీ ఈ అంకె మీదే టెన్షన్. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటాయి, డెంగీలో పడిపోతాయి. నిజమే. కానీ అదే రిపోర్టులో పైన ఇంకో అంకె ఉంటుంది, పీసీవీ లేదా హెమటోక్రిట్ అని. రక్తంలో ఎర్రకణాల వంతు నూటికి ఎంతో అది చెబుతుంది. నీరు ఊరిపోయి రక్తం చిక్కబడితే ఈ అంకె పెరుగుతుంది. ఆ పిల్లాడికి బుధవారం 36 ఉంది, శుక్రవారం 44. మొదటి అంకె మీద ఐదో వంతు పెరిగిందా అని చూడాలి. 36లో ఐదో వంతు 7.2. రెండూ కలిపితే 43.2. అది దాటిందంటే నాళాలు చెమరుస్తున్నాయని అర్థం. ప్లేట్‌లెట్స్ ఆ రోజు 78,000 ఉన్నాయి. అంకె చూసి "ఇంకా పర్లేదులే" అనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే మొదటి రిపోర్టు పారేయొద్దని పదేపదే చెబుతాను. రెండో అంకెను దేనితో పోల్చాలో అది లేకపోతే తెలియదు.

రక్తస్రావం లేకుండా, బాగా తక్కువకు, అంటే సుమారు పదివేల కిందికి పడిపోకుండా ప్లేట్‌లెట్స్ ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. ముప్పై వేలని విని రక్తదాతల కోసం ఊరంతా ఫోన్లు చేసే బంధువులను వార్డులో ఎంతమందిని చూశానో. వాళ్ల భయం నాకు తెలుసు, తప్పుపట్టను. ఆ పరుగులో రోగి పక్కన ఎవరూ లేకుండా పోవడమే బాధ. బొప్పాయి ఆకు రసం సంగతీ అడుగుతారు. నాళాలు చెమర్చడాన్ని అది ఆపదు. ఆ చేదుకి పిల్లలు తాగిన మజ్జిగ కూడా కక్కేస్తారు. నేనైతే ఇవ్వను.

సెలైన్ విషయంలోనూ తొందర వద్దు. గండం గడిచాక బయటికి ఊరిన నీరు తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడు "ఇంకో బాటిల్ పెట్టండి" అని పట్టుబడితే నీరు ఎక్కువై ఆయాసం వస్తుంది.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకీ డోసుకీ ఆరు గంటల ఎడం. పాతిక కిలోల పిల్లలకు డోసు 250 నుంచి 375. సిరప్ సీసా వెనక 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములుందో చదవండి. 120 అని ఒకటి, 250 అని ఒకటి దొరుకుతాయి. రెండూ ఒకటే అనుకుంటే డోసు సగమో రెట్టింపో అవుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ ఇవ్వొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మెడికల్ షాపులో "జ్వరం బిళ్ల" అని అడిగితే వీటిలో ఏదో ఒకటి కలిపిన బిళ్ల రావచ్చు. పేరు చెప్పి అడగండి.

ఎప్పుడు కదలాలి? కడుపులో తీవ్రమైన నొప్పి. ఆగని వాంతులు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం. మగతగా పడుండటం, లేదా ఉన్నచోట ఉండలేక చిరాకు పడటం. చల్లటి చేతులు, ఆయాసం. ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా ఆటో ఎక్కండి. గర్భిణులు, చంటిపిల్లలు, వృద్ధులు, షుగరున్నవాళ్లు ఇవి కనిపించేదాకా ఆగకుండా ముందే ఆసుపత్రికి వెళ్లాలి.

కోలుకునేటప్పుడు కాళ్ల మీద ఎర్రటి దద్దుర్ల మధ్య తెల్లటి చుక్కలు వస్తాయి, దురద పెడతాయి. దానికి భయపడొద్దు. నీరసం రెండు మూడు వారాలుంటుంది. పెద్దవాళ్లకు మనసు కూడా కుంగుతుంది, పనికి రాలేదని వాళ్లను సాధించొద్దు. వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకసారి వచ్చినవాళ్లకు వేరే రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ.

దోమ గురించి ఒక్క మాట. ఈ దోమ పగలు కుడుతుంది, నిలవున్న మంచినీటిలో పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగాక మా సింగ్ నగర్‌లో నీళ్లు పట్టుకుని దాచుకోవడం అందరికీ అలవాటైంది. డ్రమ్ములకు మూతలుండాలి. వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు పీచుతో తోమాలి, గుడ్లు అక్కడే అంటుకుని ఎండినా నెలల తరబడి బతికుంటాయి.

వచ్చే పాఠం టైఫాయిడ్. ఈలోపు ఇంటిపని: మీ ఇంట్లో రోజూ తాగే గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి, నోటుబుక్కు అట్ట లోపల రాసుకోండి. మీ గోరు నొక్కి వదిలి, ఎన్ని సెకన్లకు ఎర్రబడిందో చూడండి. పాత రక్తపరీక్ష రిపోర్టు ఏదైనా ఉంటే బయటికి తీసి, మామూలు రోజుల్లో మీ పీసీవీ ఎంతో వెతికి దాని కింద గీత గీయండి.