జర్మనీ జీతంలో కోతలు: తొలి ఏడాది ఏం చూసుకోవాలి

బ్లూ కార్డు, అంటే నిపుణ ఉద్యోగుల నివాస అనుమతి మీద జర్మనీ వెళ్లేవాళ్లకు ఆఫర్ లెటర్‌లో కనిపించేది బ్రుట్టో, అంటే కోతలకు ముందు జీతం. చేతికొచ్చేది నెట్టో. ఏడాదికి 60,000 యూరోల ఆఫర్‌ను 2025 రేట్లతో లెక్కకడదాం. నెలకు 5,000. పెళ్లికాని, పిల్లల్లేని, 23 ఏళ్లు దాటిన ఉద్యోగి నుంచి పింఛను బీమాకు 9.3 శాతం, అంటే 465 పోతుంది. నిరుద్యోగ బీమాకు 1.3 శాతం, 65. ఆరోగ్య బీమాకు సగటు అదనపు చందాతో 8.55 శాతం, 427.50. వృద్ధాప్య సంరక్షణ బీమాకు 2.4 శాతం, 120. డ్రెస్డెన్, లైప్‌జిగ్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో ఈ చివరిది ఇంకాస్త ఎక్కువ. పైన ఆదాయపు పన్ను సుమారు 797. మిగిలేది 3,125 యూరోలు. ఇంటి అద్దె ఎంతవరకు భరించగలరో ఈ అంకెతోనే చూసుకోండి.

జీతం పెరిగేకొద్దీ బీమా కోతలు అలాగే పెరుగుతూ పోవు. 2025లో ఆరోగ్య, సంరక్షణ బీమాలకు నెలకు 5,512.50 యూరోల వరకు, పింఛను, నిరుద్యోగ బీమాలకు 8,050 వరకు ఉన్న జీతం మీదే చందా పడింది. పన్నుకు మాత్రం అలాంటి హద్దు లేదు.

దిగాక మొదటి పని ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు చేయాలి. ఆ తర్వాత 11 అంకెల స్టోయర్ ఐడీ, అంటే పన్ను గుర్తింపు సంఖ్య, పోస్టులో వస్తుంది. చాలామందికి అది రాకపోవడానికి కారణం చిన్నదే: తపాలా డబ్బా మీద వాళ్ల పేరు ఉండదు, ఉత్తరం వెనక్కి పోతుంది. వేరేవాళ్ల ఇంట్లో అద్దెకుంటే కాగితం మీద పేరు రాసి ఆ రోజే అంటించండి. ఐడీ అందకపోతే కంపెనీ మిమ్మల్ని ఆరో పన్ను తరగతిలో (నెలనెలా ఎంత పన్ను కోయాలో ఈ తరగతే చెబుతుంది) వేసి అత్యధిక పన్ను కోయవచ్చు. ఐడీ ఇచ్చాక తర్వాతి జీతాల్లో గానీ, ఏడాది పన్ను రిటర్న్‌లో గానీ సరిచేస్తారు.

నమోదు ఫారంలో మతం గడి ఉంటుంది. క్యాథలిక్ అనో, ఎవాంగెలిష్ (జర్మనీ ప్రధాన ప్రొటెస్టెంట్ చర్చి) అనో రాస్తే చర్చి పన్ను మొదలవుతుంది. బవేరియా, బాడెన్ వూర్టెంబెర్గ్‌లలో ఇది ఆదాయపు పన్నులో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. మన క్రైస్తవ కుటుంబాలు ఇక్కడ జాగ్రత్తపడాలి. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలకు ఈ పన్ను వర్తించదు. ఏ సంఘానికి చెందినవారో ఉన్నదున్నట్టు రాయండి, ప్రొటెస్టెంట్ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి.

పెళ్లయినవాళ్లకు అసలు డబ్బంతా ఉండేది పన్ను తరగతి దగ్గరే. భార్య లేదా భర్త ఇండియాలో ఉన్నంతకాలం మీరు ఒకటో తరగతే. వాళ్లు జర్మనీ వచ్చి నమోదు చేసుకున్నాక ఇద్దరూ నాలుగో తరగతిలోకి వెళ్తారు. ఒకరికే ఆదాయం ఉంటే మూడు, ఐదు తరగతులు కోరుతూ పన్ను కార్యాలయానికి ఎల్‌స్టర్ అనే పన్నుల ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టాలి. పై ఉదాహరణలోని జీతానికే ఏడాది పన్ను దాదాపు 4,500 యూరోలు తగ్గుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు: భాగస్వామి డిసెంబరులో వచ్చి స్థిరపడినా, ఆ ఏడాది మొత్తానికి ఉమ్మడి రిటర్న్ వేయవచ్చు. అయితే ఆ ఏడాది ఇండియాలో సంపాదించిన జీతాన్ని కూడా చూపాలి. దానిమీద జర్మనీ పన్ను వేయదు గానీ, మీ పన్ను శాతాన్ని నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకుంటుంది. వచ్చిన ఏడాదిలో మీ సొంత ఇండియా జీతానికీ ఇదే వర్తిస్తుంది. చూపకపోతే తర్వాత నోటీసు వస్తుంది.

రిటర్న్ తప్పనిసరైనవాళ్లకు గడువు మామూలుగా మరుసటి ఏడాది జులై 31. స్వచ్ఛందంగా వేసేవాళ్లకు నాలుగేళ్లు. విమానం టికెట్లు, సామాను రవాణా బిల్లులు పారేయకండి. ఉద్యోగం కోసం ఊరు మారిన ఖర్చుగా తగ్గింపుకు వస్తాయి.

ఇంటికి పంపే డబ్బుకూ తగ్గింపు ఉంది. ఆధారపడ్డ తల్లిదండ్రులకు పంపిన దానిలో 2025కు ఒక్కొక్కరికి గరిష్ఠంగా 3,024 యూరోలు. భారత్‌కు పూర్తి పరిమితిలో నాలుగో వంతే ఇస్తారు కాబట్టి ఈ అంకె. వాళ్లకు సొంత ఆదాయం ఉంటే ఇంకా తగ్గుతుంది. 2025 నుంచి వాళ్ల బ్యాంకు ఖాతాకు నేరుగా పంపిందే లెక్క. ఊరెళ్లినప్పుడు చేతికిచ్చిన నగదు, అన్న ఖాతాలో వేసిన సొమ్ము చెల్లవు.

ఎన్ఆర్ఈ డిపాజిట్ (ఎన్ఆర్ఐలు ఇండియా బ్యాంకులో వేసుకునే డిపాజిట్) వడ్డీ దగ్గర పొరపాటు జరుగుతుంది. అది ఇండియాలో పన్ను లేనిదైనా, జర్మనీ నివాసిగా మీ ప్రపంచ ఆదాయం అంతా అక్కడ లెక్కే. పెట్టుబడి ఆదాయంలో ఒక్కరికి 1,000, దంపతులకు 2,000 యూరోల మినహాయింపు పోగా మిగిలిన దానిమీద 25 శాతం.

ఇండియా వైపు తేదీ కూడా ముఖ్యమే. ఉద్యోగం కోసం వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే నివాసి అవుతాడు. సెప్టెంబరు 28 లోపు బయల్దేరి, మార్చి 31 లోపు తిరిగి రాకపోతే ఆ ఏడాదికే ఎన్ఆర్ఐ.

ఇండియా కంపెనీయే కొంతకాలానికి పంపితే సంగతి వేరు. 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్, జర్మనీ సామాజిక భద్రతా ఒప్పందం ప్రకారం, ఇండియా భవిష్య నిధి సంస్థ ఈపీఎఫ్ఓ నుంచి కవరేజీ సర్టిఫికెట్ తీసుకుంటే 48 నెలల వరకు జర్మనీ పింఛను చందా కట్టక్కర్లేదు. బయల్దేరేలోపే తీసుకోండి. ఆరోగ్య బీమా మాత్రం విడిగా చూసుకోవాల్సిందే.

స్థానిక కాంట్రాక్టు మీద చందా కట్టినవాళ్లు 60 నెలలు నిండకుండా శాశ్వతంగా తిరిగొస్తే, 24 నెలలు ఆగి తమ వాటా వెనక్కి అడగవచ్చు. కంపెనీ వాటా రాదు. ఫారం వీ0901, నేరుగా జర్మన్ పింఛను సంస్థకే పంపవచ్చు, కమీషన్ ఏజెంటు అవసరం లేదు. కానీ సొమ్ము తీసుకున్నాక ఆ నెలలు రద్దయిపోతాయి. ఒప్పందం కింద ఈపీఎఫ్ నెలలతో కలుపుకొని 60 చేరి, వృద్ధాప్యంలో జర్మనీ పింఛను పొందే దారి కూడా అక్కడితో మూసుకుపోతుంది.