మన చెరువు మట్టి, నీళ్లు చూసుడు ఎట్ల? ఏడాదికి మూడుసార్లు, ఒక్కటే జాగల

చాలామంది ఒక్కసారి చెరువు కాడికి పోయి సీసాల నీళ్లు పట్టుకొచ్చి ల్యాబ్‌ల ఇచ్చి, రిపోర్ట్ చూసి చెరువు మంచిగనే ఉన్నది అనుకుంటరు. నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు చెరువులకు అది సరిపోదు. మే నెలల నెర్రెలు బారిన శిఖం (చెరువు అడుగు భూమి), అక్టోబర్‌ల మత్తడి (అలుగు) దుంకే నీళ్లు, రెండూ ఒక్క చెరువే అంటే నమ్మబుద్ధి కాదు. అందుకే రోహిణి కార్తెకు ముందు ఒకసారి, బతుకమ్మ అయినంక చెరువు నిండుగ ఉన్నప్పుడు ఒకసారి, సంక్రాంతి దాటినంక ఒకసారి పోవాలె. గణేష్ నిమజ్జనం, బతుకమ్మ అయిన వెంటనే పోతే ఆ రంగులు, పూలు నీళ్లలనే ఉంటయి, పది పదిహేను రోజులు ఆగి పోండి, లేకపోతే ఆ సంగతి నోట్‌బుక్‌ల రాసుకోండి.

జాగ ముందే ఖాయం చేసుకోవాలె. వాగు వచ్చి కలిసే కాడ ఒకటి, తూము కాడ ఒకటి, మత్తడి కాడ ఒకటి, కట్ట కింద ఒక బావో బోరో, ఇంత చాలు. ఫోన్‌ల లొకేషన్ సేవ్ చేసుకున్నా సరే, పక్కన కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి, తూము రాయో తాటిచెట్టో, ఎందుకంటే నీళ్లు వెనుకకు పోయినంక ఒడ్డు ఎక్కడున్నదో మీకే తెల్వదు. ఇంకోటి, నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నయో కనుక్కోండి. నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం చెరువు చూడండి, దాంట్లకు ఏఎంఆర్ (ఎలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు నుంచి కృష్ణా నీళ్లు వస్తయి, అక్కడ రీడింగ్ మారితే వాన వల్లనే అని రాయొద్దు. మూసీ కాల్వ కింద చెరువులైతే హైదరాబాద్ మురుగు కలిసిన నీళ్లు, గ్లౌజులు లేకుండ చెయ్యి పెట్టొద్దు.

నీళ్లలకు దిగేముందు ఊర్ల నీరడినో (చెరువు నీళ్లు ఇడిసేటోడు) చేపలు పట్టేటోళ్లనో అడగండి. "పెద్దయ్యా, జేసీబీ ఎక్కడ తవ్వింది" అంటే చేత్తోని చూపిస్తరు. 2015ల చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైనప్పటినుంచి మస్తు చెరువులల్ల పూడిక తీసిండ్రు, ఆ గుంతలు నీళ్లకింద కనిపించవు, ప్రాణాల మీదికి వస్తది. మట్టి లెక్కకు కూడా ఇది కావాలె, తవ్విన కాడ పాత పొరలుండవు, అక్కడి మట్టి చూసి చెరువంతా ఇట్లనే అంటే తప్పయితది.

టైమ్ విషయంల నేను బాగ దెబ్బ తిన్న. ఒక సీజన్‌ల పొద్దున ఏడింటికి పోయిన, నీళ్లల ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములే ఉన్నది, తర్వాత సీజన్‌ల మధ్యాహ్నం మూడింటికి పోతే 11 వచ్చింది, చెరువు బాగుపడ్డదని సంబురపడ్డ. అసలు సంగతేందంటే నీళ్లల పాచి ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ ఇడుస్తది, రాత్రంతా అదే ఆక్సిజన్ తాగుతది, తెల్లారేసరికి అడుగంటుతది, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) కూడా మధ్యాహ్నానికి పెరుగుతది. చేపలకు కనీసం 4 ఉండాలె. అందుకే ఎప్పుడు పోయినా పొద్దుగాల ఒక్కటే టైమ్‌కు పోండి.

పీహెచ్ మీటర్ ఇంటికాడనే బఫర్ల, అంటే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన మందు నీళ్లల, పెట్టి సరిచేసుకుని పోవాలె. సీసా అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, మూతి కిందికి పెట్టి జానెడున్నర లోతుల తిప్పి నింపండి, పైన తేలే నురుగు, పాచి రావొద్దు. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే, గాజు సీసాల పెడితే నీళ్లల ఫ్లోరైడ్ గాజుతోని కలిసి లెక్క తప్పుతది. ఆక్సిజన్‌కు మూత గట్టిగ పట్టే గాజు సీసా, బుడగ లేకుండ నింపి మాంగనీస్, అయోడైడ్ మందులు అక్కడికక్కడ వెయ్యాలె, గోధుమ రంగు పొర దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగ దిగితే లేనట్టే. మిగిలిన సీసాలు ఐస్ డబ్బాల పెట్టుడే.

ఇగ మట్టి. నాకు దీంట్లనే ఎక్కువ సంగతులు దొరుకుతయి. మట్టి తొలిచే ఆగర్‌తోని మూరెడు లోతు తీసి, విరగకుండ పాత పేపర్ మీద వరసగ పెట్టండి, వెంటనే రంగు రాయండి, ఫోటో తియ్యండి. ఎప్పుడూ నీళ్లకింద ఉండే మట్టిల గాలి ఉండదు, ఇనుము కరిగి మట్టి బూడిద రంగుకు, నీలం బూడిదకు తిరుగుతది, గాలి తగిలితే కొంచెంసేపట్లనే మళ్లీ గోధుమకు వస్తది, చాయ తాగొచ్చి రాద్దామంటే కాదు. బూడిద రంగు మధ్యల తుంగ వేర్ల చుట్టూ తుప్పు రంగు గీతలు కనిపిస్తే, నీళ్లు వచ్చుడు పోవుడు జరుగుతున్నదని అర్థం, వేర్లు గాలి తీసుకపోయిన కాడ ఇనుము తుప్పు పట్టింది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది కూడా రాయండి. బూడిద రంగు ఎన్ని సెంటీమీటర్ల కాడ మొదలైందో ప్రతి సీజన్ కొలిస్తే నీళ్లు ఎంత పైదాకా నిలుస్తున్నయో అందాజ దొరుకుతది. ల్యాబ్‌కు ఇచ్చే మట్టిని నీడల ఆరబెట్టండి, యూరియా బస్తాల మాత్రం ఎయ్యొద్దు, నైట్రోజన్ లెక్కంతా కరాబైతది.

కట్ట కింది బావిని చాలామంది ఇడిసిపెడుతరు, నాకు అదే బాధ. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ చెరువు నీళ్లల కన్నా బోర్లల్లనే ఎక్కువ, గ్రానైట్ రాయిలనుంచి దిగుతది. తాగే నీళ్లకు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకుంటే 1.5 దాకా అని లిమిట్. చెరువు ఎండినప్పుడు మే నెలల ఒకసారి, నిండినంక అక్టోబర్‌ల ఒకసారి అదే బావి నీళ్లు చూడండి, చెరువు నీళ్లు ఊరి బావిల కలుస్తున్నయా లేదా, ఫ్లోరైడ్ పలచబడ్డదా లేదా ఆ రెండు అంకెలల్ల కనబడుతది.