పొగ పట్టిన రోజుల్లో కిటికీలు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి

అడవి మంటల పొగ కమ్మినప్పుడు ఇంట్లో ఎలా మసలుకోవాలో చెప్పే సలహాలు చాలావరకు అమెరికా, ఆస్ట్రేలియా ఇళ్లను చూసి రాసినవి. అక్కడ పొగ రోజుల తరబడి నిలుస్తుంది కనుక ఇల్లంతా బిగించి కూర్చోమంటారు. నల్లమలలోనూ, ఆదిలాబాద్ వైపునా వేసవిలో అడవులు అంటుకుంటూనే ఉన్నా, హైదరాబాదు వాసి ముక్కుకు తగిలేది ఎక్కువగా వీధి చివర కాలుతున్న చెత్త, పోగుచేసి నిప్పంటించిన ఎండు వేపాకు, దీపావళి రాత్రి మందుగుండు, భోగి నాటి తెల్లవారుజాము మంట. ఈ పొగ కొన్ని గంటలు ఉండి పోతుంది. కాబట్టి ఇక్కడ ముందుగా తెలుసుకోవలసింది ఏ వేళకు మూయాలి, ఏ వేళకు తెరవాలి అన్నది.

చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడి, దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడి కిందనే ఉండిపోతుంది. పైన వెచ్చని గాలి పొర మూతలా పరుచుకోవడంతో వాహనాల పొగ, చెత్త పొగ, ధూళి ఆ మూత కిందనే పేరుకుంటాయి. ఎండ బాగా ఎక్కి నేల వేడెక్కిన తరువాతే ఆ మూత విడిపోతుంది. తెల్లవారుజామున కిటికీలు తెరిస్తే మంచి గాలి వస్తుందని మా ఇంట్లో పెద్దలు నేటికీ నమ్ముతారు, కానీ డిసెంబరు, జనవరి నెలల్లో అదే తరచుగా చెడ్డ సమయం. ఆ నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఎదురెదురు కిటికీలు తెరిచి, చీకటి పడకముందే మూయడం మేలు. ఉదయపు నడకను కూడా ఎండ వచ్చేదాకా వాయిదా వేసుకోవచ్చు.

గాలి ఎలా ఉందో చూసుకోవడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, ఇక్రిశాట్ వంటి కేంద్రాల వాయు నాణ్యతా సూచీ కనిపిస్తుంది. సూచీ 100 లోపు ఉంటే ఫరవాలేదు. 200 దాటితే గాలి బాగాలేదని అర్థం. అయితే ధూళికణాల విషయంలో ఆ అంకె గడచిన 24 గంటల సగటు మీద లెక్కించినది కనుక, రాత్రి పదకొండుకు మీ వీధిలో రేగిన పొగ అందులో సరిగా కనబడదు. అటువంటప్పుడు యాప్ కన్నా మీ ముక్కునే నమ్మండి.

మూసేటప్పుడు కిటికీ రెక్కలతో పని పూర్తికాదు. వెంటిలేటర్లకు మందపాటి ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించాలి, తలుపు కింది సందుకు తడిపి పిండిన పాత చీర మడతపెట్టి అడ్డుపెట్టాలి. దోమల మెష్ పొగను ఏమాత్రం ఆపదు. కూలర్ బయటి గాలినే లోపలికి లాగుతుంది కనుక పొగ ఉన్నంతసేపు ఆపివేయాలి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది కాబట్టి వాడుకోవచ్చు, కానీ దాని జల్లెడ ముతక దుమ్మునే పడుతుంది తప్ప పీఎం 2.5 అనే సన్నని కణాలను పట్టలేదు. విండో ఏసీకి బయటి గాలి మీట ఉంటే దానిని మూసి ఉంచండి.

ఇంత కష్టపడి మూసిన ఇంట్లో అగరుబత్తీ, సాంబ్రాణి, దోమల కాయిల్ వెలిగించడం కంటే అమాయకత్వం లేదు. మూసిన గదిలో కాయిల్ రాత్రంతా కాలడం చిన్న విషయం కాదు. దాని బదులు దోమతెర కట్టుకోండి. పూజకు ఒక చిన్న దీపం చాలు. ఆ పూట వేపుళ్లు మాని కుక్కర్‌లో పప్పు, అన్నం పెట్టుకుంటే ఎగ్జాస్ట్ ఫ్యాను అవసరం కూడా తగ్గుతుంది. ఆ ఫ్యాను లోపలి గాలిని బయటకు నెట్టిన కొద్దీ బయటి పొగ సందుల్లోంచి లోపలికి వస్తుంది.

ఇల్లంతా గాలిని శుభ్రంగా ఉంచడం మన ఇళ్లలో అసాధ్యం కనుక, పిల్లలూ పెద్దలూ పడుకునే ఒక్క గదిని ఎంచుకోండి. గాలిని వడకట్టే ప్యూరిఫైయర్ కొనేవారు ప్రకటనలను కాక, అది గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే సీఏడీఆర్ అంకెను చూడాలి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదు సార్లు వడకట్టాలంటే గంటకు 170 ఘనపు మీటర్లు ఇచ్చే యంత్రం కావాలి. సన్నని కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే తీసుకోండి, ఊపిరితిత్తులకు చెరుపు చేసే ఓజోన్ వాయువును వదిలే యంత్రాల జోలికి పోకండి. కుండీలో మనీప్లాంట్ కంటికి ఇంపే గాని పొగను తగ్గించదు.

ఒక హెచ్చరిక మాత్రం మరవకూడదు. అన్నీ మూసిన గదిలో చలికాచుకోవడానికి బొగ్గుల కుంపటి పెట్టడం, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ వాడడం ప్రాణం తీస్తాయి. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, దానిని ప్యూరిఫైయర్ గానీ మాస్కు గానీ ఆపలేవు. బయటకు వెళ్లక తప్పనప్పుడు ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. చున్నీ, చేతిరుమాలు సన్నని కణాలను పెద్దగా ఆపలేవు. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్‌లో మందు ఎంత మిగిలిందో ముందే చూసుకోవాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలిబారడం, ఛాతీలో నొప్పి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

పొగ పోయాక చీపురుతో ఊడ్చితే పేరుకున్న ధూళి మళ్లీ లేస్తుంది కనుక తడిగుడ్డతో తుడిచి, ఏసీ జల్లెడ కడిగి, దుప్పట్లు ఉతకండి. చెత్త కాల్చేవారి విషయంలో మొహమాటం అక్కరలేదు: జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో బహిరంగంగా చెత్త కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది. స్థలం, సమయం తెలిసేలా ఫోటో తీసి మున్సిపల్ అధికారులకు పంపండి. అంతకు ముందు, ఆకులు కాలుస్తున్నది మీ అపార్ట్‌మెంటు వాచ్‌మనేనేమో ఒకసారి కిందికి దిగి చూడండి.