మెదడు పొరల్లో క్యాన్సర్: చిట్టెలుక ప్రయోగాన్ని చదవడం – మూడో పాఠం

కిందటి పాఠంలో మెదడును కప్పి ఉండే మూడు పొరలను చూశాం. లోపలి రెండింటి నడుమ మెదడు ద్రవం, అంటే సీఎస్ఎఫ్, తిరుగుతుంటుంది. క్యాన్సర్ కణాలు అక్కడ చేరి పెరిగితే అది లెప్టోమెనింజియల్ మెటాస్టాసిస్. ఇలాంటి పరిశోధన పత్రం చేతికి రాగానే ముందు వెతకాల్సింది ఒక్కటే: కణాలను చిట్టెలుకలో ఎక్కడ ఎక్కించారు?

ఎక్కువగా కనిపించేది సిస్టెర్నా మాగ్నా, చిన్నమెదడు కింద ద్రవం నిలిచే గుంట. మత్తిచ్చిన ఎలుక తల ముందుకు వంచి, పుర్రె వెనక అంచు కింద సన్నని సూది దింపుతారు. కాస్త లోతుకు పోయిందా, మెదడు కాండానికే గుచ్చుకుంటుంది. గబుక్కున తీస్తే ఎక్కించింది వెనక్కి కారుతుంది. ఎంత ఎక్కించారో కూడా చూడండి. చిట్టెలుకలో సీఎస్ఎఫ్ మొత్తం సుమారు 40 మైక్రోలీటర్లే. అందులో 10 మైక్రోలీటర్లు ఎక్కించడమంటే, 150 మిల్లీలీటర్లుండే మనిషిలో దాదాపు 38 మిల్లీలీటర్లు తోసినట్టు!

కణాలు ఆ ద్రవంలో ఎలా బతుకుతున్నాయో ఈ పద్ధతి చెబుతుంది. ఎలా వచ్చాయో చెప్పదు, తలుపు తీసింది మనమే కదా. రాక గురించి తెలియాలంటే గుండె ఎడమ గదిలో ఎక్కించి రక్తంలో వదలాలి. చిక్కేమిటంటే, అలా వదిలినవి ఎముకల్లోకో మెదడు కణజాలంలోకో పోవచ్చు. అందుకే పొరల్లో బతికిన కణాలను తీసి, పెంచి, మళ్లీ ఎక్కిస్తారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రం బృందం 2017లో ఇలా ఏరిన కణాలతోనే ఒక ఎత్తుగడ బయటపెట్టింది. సీఎస్ఎఫ్‌లో పోషకాలు తక్కువ. క్యాన్సర్ కణాలు సీ3 అనే ప్రోటీన్ వదిలి, ద్రవాన్ని తయారుచేసే కోరాయిడ్ ప్లెక్సస్ గోడను వదులు చేస్తాయి. రక్తంలోని పెరుగుదల కారకాలు అలా ద్రవంలోకి దిగుతాయి.

క్యాన్సర్ కణాలు వెలిగేలా వాటిలో ముందే పెట్టే ప్రోటీన్ లూసిఫెరేజ్. ఆ వెలుగుతో తీసిన రంగుల బొమ్మలను చూసి మురిసిపోకండి. తల మెరిసిందంటే కణాలు తలలో ఉన్నాయని, అంతే. పొరలోనా, మెదడు లోపలా? అది కోసి చూసిన స్లైడే తేల్చాలి. చిట్టెలుక పెద్దమెదడు నున్నగా ఉంటుంది, మడతలుండవు. కాబట్టి చిన్నమెదడు మడతల మధ్య, మెదడు అడుగున వెతకండి.

అభ్యాసం: కణాలను సిస్టెర్నా మాగ్నాలో ఎక్కించిన ఒక పత్రం, “ఈ మందు క్యాన్సర్‌ను పొరలకు చేరకుండా ఆపింది” అంటోంది అనుకుందాం. ఆ వాక్యంలో ఏ మాట కొట్టేస్తారు, బదులు ఏం రాస్తారు? మీ జవాబుతోనే నాలుగో పాఠం మొదలుపెడదాం.