కొత్త గేమ్ హైప్‌లో ఉన్నప్పుడు: ట్రైలర్‌నీ రివ్యూలనీ ఎలా చదవాలి, ఎప్పుడు కొనాలి

మా తమ్ముడు ఏ గేమ్ ట్రైలర్ నచ్చినా నాకు పంపి, కింద ఒకే మాట రాస్తాడు: "అక్కా, కొనేయనా?" నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పగలంతా పూర్తికాని ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం, రాత్రి గేమ్స్ ఆడటం నా ఇష్టం. వాడికి అవుననీ కాదనీ చెప్పను. "ఈ గేమ్‌లో వాళ్లు ఇంతవరకూ ఏం చూపించలేదో రాసుకుని రా" అంటాను. కొత్త గేమ్ కొని బాధపడినవాళ్ల కథలు వింటే, ఆ బాధకు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ట్రైలర్ చూసేటప్పుడు

డెమో ఎలా తయారవుతుందో నా ఉద్యోగంలో దగ్గరనుంచి చూస్తుంటాను. చూపించేవాళ్లు ఏ బటన్ నొక్కుతారో ముందే అనుకుని, ఆ ఒక్క దారినీ నున్నగా చేసి పెడతారు. పక్క బటన్ నొక్కితే ఏమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. సగం తయారైన వస్తువును నలుగురికీ చూపించాలంటే అదే పద్ధతి. గేమ్ స్టూడియోలు దీన్ని వర్టికల్ స్లైస్ అంటాయి: మొత్తం గేమ్‌లోంచి పది నిమిషాల ముక్క తీసుకుని, ఆ ముక్కను పూర్తి నాణ్యతతో తయారు చేయడం. మిగతా గేమ్ అంతా ఆ స్థాయికి చేరుతుందని వాళ్లూ ఆశపడతారు. కొన్నిసార్లు చేరదు.

2005లో ఈ3 (E3) అనే గేమ్ ప్రదర్శనలో కిల్‌జోన్ 2 ట్రైలర్ చూసి జనం నోరెళ్లబెట్టారు. అది గేమ్ ఆడుతూ తీసినది కాదు, ముందుగానే కంప్యూటర్‌లో తయారు చేసి (రెండర్ చేసి) పెట్టుకున్న వీడియో. అసలు గేమ్ 2009లో వచ్చింది. 2012లో చూపించిన వాచ్ డాగ్స్ వెలుగునీడలకీ, 2014లో చేతికొచ్చిన గేమ్‌కీ ఉన్న తేడా మీద నెలల తరబడి గొడవ నడిచింది. అందుకే ట్రైలర్ కింద మూలన చిన్న అక్షరాల్లో ఏముందో ముందు చదవండి. "ఇన్-ఇంజిన్" అంటే ఆ గేమ్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో, అంటే ఇంజిన్‌లో, తయారు చేసిన దృశ్యమని మాత్రమే. మీరు కంట్రోలర్ పట్టుకుని ఆడేటప్పుడు అలాగే ఉంటుందన్న మాట అందులో లేదు.

తరవాత ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు గీయండి. మొదటి వరుసలో వాళ్లు ఆడి చూపించినవి. రెండో వరుసలో ఇంటర్వ్యూల్లో, పోస్టుల్లో నోటితో చెప్పినవి. మూడో వరుసలో ఎవరూ చూపించకుండా, ఎవరూ చెప్పకుండా మీకు మీరే ఊహించుకున్నవి. మూడోది నిజాయితీగా నింపడం కష్టం, ఎందుకంటే ఎదురుచూస్తున్నకొద్దీ మన ఊహ కూడా వాళ్లు చెప్పిన మాటలానే అనిపిస్తుంది.

నో మ్యాన్స్ స్కై సంగతి తీసుకోండి. 2016 ఆగస్టులో హలో గేమ్స్ అనే చిన్న స్టూడియో విడుదల చేసింది. పద్ధెనిమిది క్వింటిలియన్ల గ్రహాలు, అంటే 2కి 64వ ఘాతం. ఆ సంఖ్య నిజమే. ఒక ఆటగాడు ఇంకో ఆటగాణ్ని కలవగలడా అని అడిగితే, విశ్వం అంత పెద్దది కాబట్టి ఆ అవకాశం చాలా తక్కువని స్టూడియో అధిపతి షాన్ మర్రే చెబుతూ వచ్చారు. అది రెండో వరుసలోని మాట. మొదటి వరుసలో, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడిన దృశ్యం, ఎక్కడా లేదు. స్నేహితులతో కలిసి గ్రహాలు తిరగడం మాత్రం వేలమంది మూడో వరుసలో చేరిపోయింది. విడుదలైన వెంటనే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి వెళ్లి నిలబడ్డారు. ఒకరికొకరు కనిపించలేదు. పూర్తి మల్టీప్లేయర్ రావడానికి 2018 జూలై దాకా పట్టింది.

కాగితం నింపాక మొదటి వరుసలో ఖాళీలు వెతకండి. మా తమ్ముడిచేత నేను వెతికించేవి ఇవి: స్క్రీన్ మీద మెనూలు, ఆరోగ్యం గీతలు, మ్యాప్ అన్నీ కనిపిస్తూ కోత లేకుండా సాగిన పావుగంట ఆట ఉందా? ఒక మిషన్‌కీ ఇంకో మిషన్‌కీ మధ్య మామూలుగా నడిచే సమయం చూపించారా? మన దగ్గరున్న మెషిన్ మీద ఆడి చూపించారా? ఒంటరిగా ఆడాలన్నా ఇంటర్నెట్ తప్పనిసరా? విడుదలకు రెండు వారాలున్నా వీటిలో ఏదైనా ఖాళీగానే ఉంటే ఆ ఖాళీని సమాధానంగానే తీసుకోవాలి.

రివ్యూ: ఎప్పుడు వచ్చింది, దేని మీద ఆడారు

రివ్యూ రాసేవాళ్లకు గేమ్ ముందే అందుతుంది. ఫలానా రోజు, ఫలానా గంట దాకా ఏమీ రాయకూడదని ఒప్పందం ఉంటుంది, దాన్నే ఎంబార్గో అంటారు. విడుదలకు వారం ముందే ఎంబార్గో ఎత్తేస్తే స్టూడియోకి ధైర్యం ఉన్నట్టే లెక్క. విడుదలయ్యే నిమిషానికి ఎత్తేస్తే వేచి ఉండటం మంచిది. ఇది ప్రతిసారీ నిజం కాదు. 2016లో వచ్చిన డూమ్‌కి విడుదలకు ముందు రివ్యూలే రాలేదు, అందరూ అనుమానపడ్డారు, గేమ్ అద్భుతంగా ఉంది. అయినా మూడు రోజులు ఆగి కొన్నవాళ్లకు పోయిందేమీ లేదు.

ఎంబార్గో తేదీకన్నా నేను పట్టుబట్టి చూసేది రివ్యూ ఏ మెషిన్ మీద రాశారన్నది. సైబర్‌పంక్ 2077 ఇందుకు చెప్పుకోవాల్సిన పాఠం. 2012లో ప్రకటించారు. విడుదల 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబరుకి, అక్కణ్నుంచి నవంబరుకి, చివరికి డిసెంబరు 10కి జరిగింది. రివ్యూలు దానికి మూడు రోజుల ముందు వచ్చాయి, ఎక్కువభాగం మెచ్చుకున్నాయి. కానీ విడుదలకు ముందు విమర్శకులకు ఇచ్చినవి పీసీ కాపీలు మాత్రమే. వాళ్లు తీసిన వీడియోలను అప్పటికి చూపించకూడదన్నారు కూడా. పాత ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్లు ఆ మార్కులు చూసి కొన్నారు. వాళ్ల మెషిన్ మీద గేమ్ మాటిమాటికీ ఆగిపోయింది, బొమ్మలు ముద్దగా కనిపించాయి. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచి గేమ్‌ని తీసేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. గేమ్ మళ్లీ ఆ స్టోర్‌లోకి 2021 జూన్‌లో వచ్చింది. విడుదలకు ముందు పాత కన్సోళ్ల మీద గేమ్‌ని చూపించనందుకు దాన్ని తయారు చేసిన సీడీ ప్రాజెక్ట్ క్షమాపణ చెప్పింది. అన్ని లక్షల మంది చూస్తున్నప్పుడు కూడా ఆ ఖాళీ బయటికి కనిపిస్తూనే ఉంది.

కాబట్టి రివ్యూ తెరవగానే మార్కుల వైపు కాకుండా, "పీసీ మీద ఆడాను", "ప్లేస్టేషన్ 5 మీద ఆడాను" అన్న చిన్న వాక్యం ఎక్కడుందో చూడండి. పీసీ అయితే ఏ గ్రాఫిక్స్ కార్డు మీదో చూడండి. ఇంకోటి, విడిగా డబ్బు తీసుకుని వస్తువులు అమ్మే స్టోర్ రివ్యూ కాపీలో ఎలా ఉందో విడుదలయ్యాకా అలాగే ఉంటుందని అనుకోవద్దు. 2024 మార్చిలో డ్రాగన్స్ డాగ్మా 2కి మంచి రివ్యూలు వచ్చాయి. విడుదలరోజు స్టోర్ పేజీలో డబ్బు పెట్టి కొనాల్సిన చిన్నచిన్న వస్తువుల జాబితా చూసి ఆటగాళ్లు మండిపడ్డారు. క్రాష్ టీమ్ రేసింగ్ కొత్త రూపంలో 2019 జూన్‌లో వచ్చినప్పుడు అలాంటి అమ్మకాలు లేవు, ఆగస్టులో పెట్టారు.

మార్కులు, శాతాలు

మెటాక్రిటిక్ అనే సైట్ పత్రికల రివ్యూ మార్కులన్నీ కలిపి ఒక సంఖ్య ఇస్తుంది. అది మామూలు సగటు కాదు. కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ, ఎవరికెంతో బయటికి చెప్పరు. ఆ సంఖ్య కొందరి జీతాల దాకా వెళ్లింది. ఫాల్అవుట్ న్యూ వేగస్ చేసిన అబ్సిడియన్‌కి మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ అని ఒప్పందం, 84 వచ్చింది. ఆ గేమ్‌ని జనం ఈ రోజుకీ ఇష్టంగా ఆడుతున్నారు. ఒక్క మార్కు తేడాలో ఆటగాడికి తెలిసేదేమీ లేదు.

నేనైతే పదికి పది ఇచ్చిన రివ్యూనీ, రెండు ఇచ్చిన రివ్యూనీ పక్కన పెట్టి, ఏడు ఇచ్చినదాన్ని ముందు చదువుతాను. ఏడు ఇచ్చినవాళ్లు ఆ మూడు ఎక్కడ పోయాయో చెప్పి తీరాలి. అభిరుచి మీకు బాగా తెలిసిన ఒకరిద్దరు విమర్శకులను ఎంచుకోండి. వాళ్ల ఇష్టం మీ ఇష్టంతో కలవకపోయినా పరవాలేదు. నేను చదివే ఒకాయనకు మెల్లగా సాగే గేమ్స్ అసలు పడవు. ఆయన "విసుగొచ్చింది" అని రాస్తే నేను విష్‌లిస్టులో, అంటే కొనాలనుకునేవాటి జాబితాలో, వేసుకుంటాను.

పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో 95 శాతం పాజిటివ్ అంటే వందకి 95 మార్కులని చాలామంది పొరబడతారు. నూరుమందిలో 95 మంది కొనమంటున్నారని మాత్రమే దాని అర్థం. వాళ్లలో ఒక్కరికీ అది గొప్పగా అనిపించకపోయి ఉండొచ్చు, సరదాగా గడిచిందనుకుని ఉండొచ్చు.

వేలమంది ఒకేసారి వచ్చి తిట్టే రివ్యూ బాంబింగ్‌ని కూడా చదవడం నేర్చుకోవాలి. 2020 జూన్‌లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 విడుదలైన కొన్ని గంటల్లోనే మెటాక్రిటిక్‌లో సున్నాలు కుప్పపడ్డాయి. అది పూర్తిచేయడానికి పాతిక గంటలు పట్టే గేమ్. ఆ తరవాతే విడుదలైన 36 గంటల దాకా యూజర్ రివ్యూలు తీసుకోకూడదని మెటాక్రిటిక్ నియమం పెట్టింది. దానికి పూర్తిగా వేరే సంగతి హెల్‌డైవర్స్ 2ది. 2024 మేలో పీసీ ఆటగాళ్లు కూడా ప్లేస్టేషన్ ఖాతా కలపాల్సిందేనని సోనీ ప్రకటించింది. ఆ ఖాతా తెరవడమే కుదరని దేశాలు చాలా ఉన్నాయి. రెండు లక్షలకు పైగా నెగెటివ్ రివ్యూలు పడ్డాయి, కొన్ని రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ఆ కోపానికి గట్టి కారణం ఉంది. అందుకని నెగెటివ్ రివ్యూలను చూపించే ఎర్ర గీతలు చూసి భయపడకుండా, స్టీమ్ గ్రాఫ్‌లో అవి ఏ తేదీన మొదలయ్యాయో చూసి, ఆ తేదీన ఏం జరిగిందో తెలుసుకోండి. రివ్యూ పక్కన ఎన్ని గంటలు ఆడారో ఉంటుంది, దాన్నీ చూడండి. భాష కూడా చూడాలి. 2025 సెప్టెంబరులో హాలో నైట్ సిల్క్‌సాంగ్‌ని ప్రపంచమంతా పొగుడుతుంటే చైనీస్ ఆటగాళ్ల రివ్యూలు మాత్రం పడిపోయాయి. వాళ్ల కోపం అనువాదం మీద. ఇంగ్లిష్‌లో ఆడేవాళ్లకు ఆ లోపం తగలదు.

కొనేటప్పుడు

డిజిటల్ కాపీకి స్టాక్ అయిపోవడం అంటూ ఉండదు. ప్రీ-ఆర్డర్‌కి, అంటే విడుదలకు ముందే కొన్నందుకు, ఇచ్చే బోనస్ సాధారణంగా ఒక డ్రెస్సో కత్తో, అంతే. విడుదలయ్యాక వారం ఆగండి. ది డే బిఫోర్ ఒకప్పుడు స్టీమ్‌లో అత్యధికులు విష్‌లిస్ట్ చేసిన గేమ్. 2023 డిసెంబరు 7న వచ్చింది, నాలుగు రోజులకే స్టూడియో మూసేస్తున్నామని ప్రకటించారు.

ఆగలేకపోతే రీఫండ్ నియమం తెలుసుకుని కొనండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. ప్రీ-ఆర్డర్ చేస్తే ఆ 14 రోజుల లెక్క విడుదలరోజు నుంచి మొదలవుతుంది. ఆ రెండు గంటల్లో గంటంపావు హీరో ముక్కు, జుట్టు దిద్దడానికి పెట్టకండి. మొదటే సెట్టింగ్స్ సరిచేసుకుని, జనం ఎక్కువుండే చోటికో, పెద్ద పోరాటంలోకో వెళ్లి ఫ్రేమ్ రేట్ పడిపోతోందేమో, అంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోందేమో చూడండి. ఒకసారి సేవ్ చేసి, గేమ్ మూసి, మళ్లీ తెరవండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలైతే మామూలుగా రీఫండ్ రాదు. అక్కడ ప్రీ-ఆర్డర్ చేసినవాళ్లు ఆటో డౌన్‌లోడ్ ఆపేసుకోవాలి.

నిరుత్సాహం కలిగాక

ముందుగా మీ బాధ ఏ రకమో తేల్చుకోండి. గేమ్ విరిగి ఉందా, అంటే క్రాష్ అవుతోందా, సేవ్ పోతోందా? సరుకు తక్కువగా ఉందా? లేక అన్నీ సరిగానే ఉండి మీకు నచ్చలేదా? విరిగినవి ప్యాచ్‌లతో, అంటే స్టూడియో తరవాత పంపే దిద్దుబాట్లతో, బాగుపడతాయి. సైబర్‌పంక్ 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్‌తో చాలా మారింది. సరుకు తక్కువైనది బాగుపడాలంటే స్టూడియోకి సంవత్సరాల ఓపిక, డబ్బు ఉండాలి. 2010లో విఫలమైన ఫైనల్ ఫాంటసీ 14ని పునాదుల నుంచి మళ్లీ కట్టి 2013లో తెచ్చారు. అందరికీ ఆ అవకాశం ఉండదు. కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న సర్వర్లు ఆగిపోయాయి. మూడో రకానికి ప్యాచ్ లేదు, రీఫండ్ అడిగి ఇంకో గేమ్ చూసుకోవడమే.

మనసులోంచి ఒక మాట చెబుతాను. మీకు మొదటి గంటలో కనిపించిన బగ్ టెస్టర్లకు కనిపించలేదని అనుకోకండి. దాదాపు ఎప్పుడూ అది ముందే రాసి పెట్టి ఉంటుంది. దాన్ని సరిచేయకుండా ఫలానా తేదీకి విడుదల చేయాలని నిర్ణయించేది వాళ్లు కాదు. యానిమేషన్ చేసిన అమ్మాయికో, టెస్టర్‌కో తిట్లు పంపడం ఏ గేమ్‌నీ బాగుచేయలేదు. ఆ కోపాన్ని రివ్యూలో పెట్టండి, అక్కడ దానికి పని ఉంది.

రివ్యూలో ఏ మెషిన్ మీద ఆడారో, ఎక్కడిదాకా వెళ్లి ఆపేశారో రాయండి. క్రాష్ అయితే ఏం చేస్తున్నప్పుడు అయిందో రాయండి. "మోసం చేశారు" అని వదిలేయకుండా మీరు ఏది ఆశించారో, ఆ ఆశ ట్రైలర్‌లో ఏ దృశ్యం చూసి, ఎవరి మాట విని కలిగిందో చెప్పండి. ఆ కాగితంలోని మూడో వరుస ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. మీరు ఊహించుకున్నదాన్ని వాళ్లు ఇచ్చిన మాటగా రాయకుండా అది ఆపుతుంది. నెలల తరవాత ప్యాచ్ వచ్చి ఆ తప్పు పోతే, పాత రివ్యూ తెరిచి ఆ వాక్యం మార్చి, మార్చిన తేదీ వేయండి. స్టీమ్‌లో మన రివ్యూని మనం ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు.